ఎదుటి సీట్లో మొహం

సినిమా హాల్లో కూర్చున్నప్పుడు మీరు తెరకేసి చూస్తారు గానీ పక్కవాడి మొహంకేసి చూడరు. చూస్తే బాగుండదు కూడాను! హైదరాబాద్ మెట్రో రైల్లో మాత్రం ఆ వీలు లేదు. అక్కడ సీట్లు గోడల వెంట పొడుగ్గా వేశారు. మీకెదురుగా మరో వరుస. మీరు వాళ్లకేసి, వాళ్లు మీకేసి! ఆర్టీసీ బస్సులో అయితే ఈ ఇబ్బంది లేదు. ముందు సీటువాడి మెడ తప్ప మరేమీ కనిపించదు. మెడను చూసి మనసు కనిపెట్టడం ఎవరి తరం?

జార్జ్ సిమ్మెల్ అనే జర్మన్ పండితుడు 1908లో అచ్చయిన పుస్తకంలో ఒక తమాషా సంగతి రాశాడు. బస్సులూ, రైళ్లూ, ట్రాములూ రాకముందు మనుషులు ఒకరి మొహం ఒకరు గంటల తరబడి చూస్తూ, ఒక్క మాటైనా లేకుండా కూర్చోవలసిన అవసరమే పడలేదట. నిజమే కదా! మన పల్లెల్లో రచ్చబండ మీద ఎదురుగా కూర్చున్నవాణ్ణి "ఎవరి తాలూకు నాయనా?" అని అడక్కుండా ఎవరుంటారు? పట్నం వచ్చి టిక్కెట్టు కొన్నాక ఆ ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. ఇక మిగిలేది ఊహే.

ఆ ఊహలకి నాగోల్ - రాయదుర్గం లైనును మించిన చోటు ఈ ఊళ్లో లేదని నా నమ్మకం. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు ఈ లైను అమీర్‌పేట దాకానే. 2019 మార్చిలో హైటెక్ సిటీకీ, అదే ఏడు నవంబరులో రాయదుర్గానికీ పాకింది. మొత్తం 23 స్టేషన్లు. ఈ చివర ఎక్కి ఆ చివర దిగితే సుమారు గంట. ఆ గంటలో ఊరంతా వచ్చి మీ ఎదుటి సీట్లో కూర్చుని లేచిపోతుంది!

తార్నాకలో యూనివర్సిటీ కుర్రాళ్లు ఎక్కుతారు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో అప్పుడే పెద్ద రైలు దిగినవాళ్లు వస్తారు. పెట్టె మోకాళ్ల మధ్య, ఊరగాయ జాడీ ఒళ్లో. దాన్ని పట్టుకునే తీరు చూస్తే లోపలున్నది ఆవకాయా, అరవై తులాల బంగారమా అని అనుమానం వస్తుంది. అమీర్‌పేటలో సగం బోగీ ఖాళీ అయి మళ్లీ నిండుతుంది. లైను మారేవాళ్లు కొందరు, కోచింగ్ సెంటర్ల వాళ్లు కొందరు. ఆ ఫైలు గుండెకి హత్తుకున్న అబ్బాయి పెదవులు కదుపుతున్నాడు. ఇంటర్వ్యూలో చెప్పబోయే ఇంగ్లీషు ముక్కలా, ఇష్టదైవం నామమా? రెండూ కావచ్చు! చెక్‌పోస్ట్ దాటాక మెడలో కార్డులు వేలాడేసుకున్నవాళ్లే మిగులుతారు. దుర్గం చెరువు, కేబుల్ బ్రిడ్జి కనిపించినా తలెత్తేవాడు అరుదు.

సెల్‌ఫోన్ వచ్చి ఈ సరదా చంపేసిందంటారు కొందరు. నేనొప్పుకోను. ఫోను చూసుకునే మనిషి తనని ఎవరూ చూడ్డం లేదనుకుంటాడు. నవ్వు దాచుకోడు, దిగులూ దాచుకోడు. మన పనే సులువయింది!

రోజూ చూసే మొహం కథ కావడం సినిమావాళ్లకి ఎప్పుడో తెలుసు. 1979లో బాసూ చటర్జీ తీసిన "బాతోఁ బాతోఁ మేఁ" చూసే ఉంటారు. బొంబాయి లోకల్ రైల్లో అమోల్ పాలేకర్‌కి ఎదురైన టీనా మునీమ్! ఆ పిల్ల మనసులో ఏముందో తెలుసుకునేసరికి సినిమా అయిపోతుంది.

అంతకంటే ముచ్చటైన సంగతి మరొకటుంది. సుమారు నూరేళ్ల క్రితం రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. మొజుఖిన్ అనే పేరున్న నటుడి క్లోజప్ ఒకటి తీసుకున్నాడు. మొహంలో ఏ భావమూ లేని షాటు. దాని పక్కన సూప్ గిన్నె అతికించి చూపిస్తే జనం "అబ్బ! ఎంత ఆకలి!" అన్నారు. శవపేటిక అతికిస్తే "ఎంత దుఃఖం!" అన్నారు. షాటు ఒక్కటే. నటుడు చేసిందేమీ లేదు. ఆకలీ దుఃఖమూ చూసేవాళ్లవే!

మెట్రోలో మనం చేసేదీ ఇదేనేమో. అప్పుల్లో ఉన్నవాడికి ఎదుటివాడు వడ్డీలు లెక్కేస్తున్నట్టు కనిపిస్తాడు. ప్రేమలో ఉన్న కుర్రాడికి బోగీ బోగీయే విరహంతో వేగిపోతున్నట్టుంటుంది.

మరి అడిగేస్తే? 2014లో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే ఇద్దరు పరిశోధకులు షికాగో రైళ్లలో కొందరిని పక్కవాళ్లతో మాట కలపమన్నారు, కొందరిని నోరు మూసుకు కూర్చోమన్నారు. మాట కలిపితే ప్రయాణం చికాకవుతుందని జనం అంచనా. తీరా చూస్తే మాట్లాడినవాళ్లే హాయిగా ప్రయాణం చేశామన్నారు!

షికాగోలో చెల్లింది యూసఫ్‌గూడలో చెల్లదా? ఈ స్టేషన్ గురించి మీకు వేరే చెప్పాలా! దిగి నాలుగడుగులేస్తే కృష్ణానగర్. తెర మీద వెలగాలని వచ్చినవాళ్లు అద్దెకుండే పేట. ఓ సాయంత్రం అక్కడ ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. యాభై దాటి ఉంటాయి. మామూలు నేత చీర, ఒళ్లో సంచీ. చెవుల పక్కన మాత్రం తుడవగా మిగిలిన మేకప్ చార. మొహంలో ఏమీ లేదు. అచ్చం మొజుఖిన్ షాటే!

పక్క సీటు ఖాళీ కాగానే వెళ్లి కూర్చుని, షూటింగ్ నుంచా అమ్మా అని అడిగాను. ఆవిడ ఉలిక్కిపడి చెవి తడుముకున్నారు.

"ఎలా తెలిసింది బాబూ? ఈ పాడు రంగు పోయి చావదు" అన్నారు నవ్వుతూ.

తెనాలి దగ్గర పల్లెట. ఇరవై రెండేళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. కృష్ణానగర్ అద్దెలు భరించలేక లాలాపేట మారారు. పొద్దున్న అయిదింటికల్లా అక్కడుండాలి, అప్పటికింకా మెట్రో మొదలవదు. అందుకని పోయేటప్పుడు ఆటో, వచ్చేటప్పుడు రైలు. ఆటోవాడికే కూలిలో చాలా భాగం పోతుందట.

"మీ మొహం చూస్తే ఏమనుకుంటున్నారో తెలియదమ్మా" అన్నాను.

"తెలియకూడదుగా బాబూ, అదే మా పని! వెనకాల నిలబడ్డవాళ్లు మొహాలు తిప్పితే చూపంతా అటు పోతుందని అసిస్టెంటు డైరెక్టరు కేకలేస్తాడు. హీరో ఏడుస్తుంటే మేం ఊరికే నిలబడాలి. అలవాటైపోయింది. ఇంట్లోనూ అలాగే ఉంటున్నానని మా అమ్మాయి తిడుతుంది."

రైల్లో కూర్చుని ఏమనుకుంటారని అడిగేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. పారడైజ్ వెళ్లిపోయింది.

"అద్దె, గ్యాసు... అందరూ అనుకునేవే. ఇంకోటి కూడా ఉంది, చెబితే నవ్వుతారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒకసారి చూసి మళ్లీ చూస్తే గుర్తుపట్టారేమో అనుకుంటాను. ఎన్ని సినిమాల్లో చేశానో నాకే లెక్క లేదు. ఎన్ని వేల మంది చూసుంటారు ఈ మొహాన్ని! రోజూ ఈ రైల్లో నా ఎదురుగా కూర్చునేవాళ్లలో కూడా చూసినవాళ్లు ఉంటారుగా?"

"ఎవరైనా గుర్తుపట్టారా?"

"ఒక్కసారి. కాలేజీ పిల్ల. 'ఆంటీ, పెళ్లి సీన్లో పచ్చచీర కట్టుకుంది మీరే కదూ?' అంది. హీరోయిన్ తల పక్కకి తిప్పుతుంది, అప్పుడు ఓ క్షణం నేను కనిపిస్తాను. ఆ పిల్ల దాన్ని పట్టుకుంది చూడండి! ఆ కబుర్లలో పడి తార్నాకలో దిగకుండా ఉప్పల్ దాకా పోయాను. వెనక్కి వచ్చేసరికి ఇంట్లో అన్నం లేదు, కూర లేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు బాబూ, సంతోషంతో."

మెట్టుగూడ దాటింది. ఆవిడ సంచీ సర్దుకుని లేచారు. రేపూ షూటింగేనా అని అడిగాను.

"రేపు శవం దగ్గర ఏడుపు సీను. రెండో వరుస అన్నారు" అంటూ తలుపు దగ్గరకి నడిచారు. రెండో వరుస అన్నప్పుడు మాత్రం ఆవిడ మొహం వెలిగింది.