మా పేర్లు పెడితే సరేనన్నారు

ఉర్దూలో 'హమ్' అనే మాట ఉంది. ఒక్కరం ఉన్నా హమ్, పదిమందిమి ఉన్నా హమ్. ఆ అలవాటుతోనే తెలుగులోనూ మేం 'నేను' అనాల్సిన చోట 'మేం' అంటూ వచ్చాం. ఈ 'మేం'లో ఎవరున్నారు? ఎవర్ని గడప బయట నిలబెట్టాం? ఈ ప్రశ్న మాకు మసీదులో ఎదురు కాలేదు, పత్రికాఫీసులో ఎదురు కాలేదు. బొంబాయిలో ఒక సినిమా హాల్లో ఎదురైంది.

మొదట 1998 సంగతి చెప్పాలి. అప్పుడు మేం హైదరాబాద్‌లో బి.ఏ. చదువుతున్నాం. ఆ ఏడాది నవంబర్‌లో దీపా మెహతా 'ఫైర్' విడుదలైంది. ఒకే ఇంటి కోడళ్లిద్దరు ఒకర్నొకరు ప్రేమించుకునే కథ. పెద్దకోడలు రాధగా షబానా ఆజ్మీ, చిన్నకోడలు సీతగా నందితా దాస్. సెన్సారు వాళ్లు కత్తెర వేయలేదు గానీ, హిందీలో మాత్రం సీతని నీత చేశారు. డిసెంబర్ 2న బొంబాయి గోరెగావ్‌లో ఆ సినిమా ఆడుతున్న హాలు మీద శివసేన వాళ్లు పడ్డారు. మర్నాడు ఢిల్లీ రీగల్ హాలు వంతు. దిలీప్ కుమార్ మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్తే, ఆయన ఇంటిముందు చెడ్డీలతో కూర్చుని నిరసన తెలిపారు. 1999లో సినిమా కోత లేకుండానే మళ్లీ వచ్చింది. అదంతా పాత కథే. మాకు గుచ్చుకున్నది వేరు.

రాధ, సీత పేర్లు తీసేసి ముస్లిం పేర్లు పెడితే తనకి అభ్యంతరం లేదన్నాడు బాల్ ఠాక్రే.

ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి. రాధా సీతలు ఈ పని చేస్తే సంస్కృతికి మచ్చ. సైరాలు, షబానాలు చేస్తే మచ్చ లేదు. మచ్చ మీద మచ్చ ఏం కనిపిస్తుంది? షబానా హైదరాబాద్‌లో పుట్టిన పిల్ల. వాళ్లమ్మ షౌకత్ కైఫీది ఈ ఊరే. 'మా ఊరి బిడ్డ' అని మా మహల్లాలో గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆ పేరునే ఇలా తిట్టుగా వాడుతుంటే మా రక్తం మరిగింది.

మరిగిన రక్తంతో మేం ఏం చేశాం? కాలేజీ ఉర్దూ పత్రికకి వ్యాసం రాశాం. 'ఈ రోగం మాలో లేదు, మా పేర్లు తియ్యకండి' అని. ఠాక్రే అన్నదానికి జవాబిస్తున్నామనుకున్నాం. ఇప్పుడు చూస్తే జవాబు కాదది. ఇది మచ్చేనని ఒప్పేసుకుని, మాకు అంటించొద్దని బతిమాలుకోవడం.

ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' మా కాలేజీ లైబ్రరీ బీరువాలోనే ఉంది. 1942 నాటి కథ. మా పర్దా వెనక, మా జనానాలో, ఒక బేగం ఒంటరితనం గురించి. అశ్లీలమని లాహోర్ కోర్టుకి ఈడిస్తే ఇస్మత్ నిలబడి గెలిచింది. మేం చదివాం కూడా. చదివి 'మాలో లేదు' అని రాశాం. ఢిల్లీలో రీగల్ ముందు కొవ్వొత్తులు పట్టుకున్న ఆడవాళ్ల మధ్య 'ఇండియన్ అండ్ లెస్బియన్' అని రాసిన అట్ట కనిపించింది. రెండూ నేనే అని చెప్పుకోవాల్సి రావడం ఎంత బరువో మాకు తెలియదా? 'మేం భారతీయులమే, ముస్లింలమే' అని పుట్టిన దగ్గర్నుంచీ రుజువులు చూపిస్తున్నది మేమే కదా. అయినా ఆ రోజు ఆ అట్టలో మమ్మల్ని మేం చూసుకోలేకపోయాం.

ఆ వ్యాసాన్ని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మా ఖాలా కొడుకు ఒక్కడే ఏమీ అనలేదు. మాకంటే రెండేళ్లు పెద్ద. పత్రిక తిరిగిచ్చేసి చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆరు నెలల్లో ఊరే వదిలేశాడు. ఉద్యోగమన్నారు. పండక్కి కూడా సరిగ్గా వచ్చేవాడు కాదు.

పద్నాలుగేళ్ల తర్వాత ఉద్యోగం మీద మేమూ బొంబాయి చేరాం. ఊరి పేరు ముంబై అయింది గానీ మా నోట్లో ఇప్పటికీ బంబయే. ఇల్లు వెతుక్కోవడం మొదలెట్టాక తెలిసింది పేరు విలువ. ఫోన్లో ఖాళీ ఉన్న ఇల్లు, పేరు చెప్పగానే నిండిపోయేది. ఒకసారి విసుగొచ్చి మా హిందూ మిత్రుడి పేరు చెప్పాం. వెంటనే 'వచ్చి చూసుకోండి' అన్నారు. వెళ్లలేదు. ఎన్నాళ్లని దాస్తాం?

2014 మే నెలలో లిబర్టీ హాలుకి వెళ్లాం. మెరీన్ లైన్స్ దగ్గర పాత ఒంటితెర హాలు. 1949లో 'అందాజ్'తో తెరిచారు. దిలీప్ కుమార్, నర్గీస్, రాజ్ కపూర్. అమ్మీకి దిలీప్ అంటే ప్రాణం. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయితేగానీ తెర మీదికి రాలేకపోయాడన్నది వేరే బాధ. అమ్మీ కోసం ఆ హాలు చూద్దామని వెళ్లాం. చూస్తే లోపల 'కశిశ్' జరుగుతోంది. 2010లో శ్రీధర్ రంగాయన్ మొదలుపెట్టిన క్వీర్ సినిమాల పండగ. కశిశ్ అంటే ఆకర్షణ, మనసు లాగడం. మా మాట! ఇల్లివ్వని ఊరు ప్రేమ అనడానికి మాత్రం మా ఉర్దూ మాటే అరువు తెచ్చుకుంది.

ఇంకో సంగతి. ఐదు నెలల ముందు, 2013 డిసెంబర్ 11న, సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌ని మళ్లీ నిలబెట్టింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చింది లాగేసుకుంది. ఆ కేసులో ఒక హిందూ జ్యోతిష్కుడు, ముస్లిం పర్సనల్ లా బోర్డు, క్రైస్తవ సంస్థలు ఒక్క పక్షాన నిలబడ్డారు. దేనికీ ఒక చాప మీద కూర్చోనివాళ్లు దీనికి కూర్చున్నారు. అంటే ఆ రోజు లిబర్టీలో ఉన్నవాళ్ల ప్రేమ చట్టం ప్రకారం నేరం. అయినా హాలు నిండా జనం. టికెట్టు చింపే మనిషి ఎవర్నీ పేరడగలేదు. చిన్న సినిమాలు వరసగా వేశారు. ఒక్కో సినిమా అయిపోగానే మెట్ల మీద చాయ్, వాదన. హైదరాబాద్‌లో ఫిల్మ్ క్లబ్బుల వెంట తిరిగిన రోజులు గుర్తొచ్చాయి.

ఆ మెట్ల మీదే మా ఖాలా కొడుకు కనిపించాడు. నెత్తి సగం నెరిసింది. పక్కన ఒకాయన ఉన్నాడు, ఇద్దరూ ఒకే కప్పులో చాయ్ తాగుతున్నారు.

'భాయ్, మీరిక్కడ?' అన్నాం. నోరు జారిన మాట.

'నువ్వు రాశావు కదా, మనలో లేరని' అన్నాడు నవ్వుతూనే. 'మరి ఉన్నవాడు ఎక్కడికి పోవాలి? అబ్బా నన్ను పొమ్మనలేదు. అమ్మీ పొమ్మనలేదు. ఆ మాట రాసిపెట్టింది నువ్వొక్కడివే.'

ఏం చెప్పమంటారు? ఠాక్రే అన్నదాన్ని పదహారేళ్లు మోశాం. మేం అన్నదాన్ని భాయ్ పదహారేళ్లు మోశాడు. బొంబాయిలో ముస్లిం అని ఆయనకీ ఇళ్లు దొరకలేదు. దొరికిన ఇంట్లో పక్కనున్న మనిషిని తమ్ముడని చెప్పుకోవాల్సి వచ్చింది. మేం ఒక్క పేరు దాచాం. ఆయన రెండు దాచాడు.

2016లో 'అలీగఢ్' సినిమాకి ఇద్దరం కలిసే వెళ్లాం. హన్సల్ మెహతా తీశాడు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో మరాఠీ చెప్పిన ప్రొఫెసర్ శిరాస్ కథ. 2010లో ఆయన పడగ్గదిలోకి దూరి వీడియో తీశారు. యూనివర్సిటీ ఆయన్నే సస్పెండ్ చేసింది. హైకోర్టు ఆయన వైపు చెప్పిన కొద్దిరోజులకే చనిపోయి కనిపించాడు. అక్కడ మైనారిటీ ఆయన. మెజారిటీ మేం. సినిమా వచ్చాక ఊరి పేరు చెడిపోతోందని అలీగఢ్‌లో దాన్ని ఆడనివ్వలేదు. అడ్డుపడ్డవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. మళ్లీ పేరే. మనిషి పోయినా ఫరవాలేదు, పేరు చెడకూడదు. ఈ మాట 1998లో ఎవరన్నారో మాకు బాగా గుర్తుంది.

లౌకిక మిత్రులారా, ఇది చదివి 'చూశారా, మీ మతమే అంత' అనకండి. గోరెగావ్‌లో అద్దాలు పగలగొట్టింది మా మతం కాదు. మీ ఇళ్లలో ఎంతమంది 'తమ్ముళ్లు'గా బతుకుతున్నారో ఒకసారి లెక్క చూసుకోండి. మావాళ్లకి చెప్పేది ఇంకోటి. బయట మనల్ని కొడుతున్నారు కాబట్టి లోపలి సంగతులు మాట్లాడొద్దంటారు. సరే. ఈ దెబ్బలు ఆగేదెప్పుడు? అప్పటిదాకా భాయ్ మెట్ల మీదే నిలబడాలా?

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఆ ప్రేమ నేరం కాదంది. ఆ రాత్రి భాయ్ ఫోన్ చేశాడు. సంతోషంగా ఉన్నాడు. 'ఖాలాకి చెప్తావా?' అని మేం అడిగితే, 'కోర్టు తీర్పు అమ్మీ దాకా రావడానికి టైం పడుతుంది' అన్నాడు.

ఆయన పేరు ఇక్కడ రాయలేదు. అడిగితే వద్దన్నాడు. 1998లో ఆ వ్యాసం ఉర్దూలో రాశాం. ఈ వ్యాసం తెలుగులో రాస్తున్నాం. ఎందుకో చెప్పేస్తాం. ఖాలాకి తెలుగు చదవడం రాదు. 'మాలో లేదు' అని ఏ భాషలో అన్నామో 'మాలో ఉన్నారు' అని ఆ భాషలోనే అనాలి. ఆ బాకీ ఇంకా తీరలేదు.