కొండలు లేని లోయ



సెలవులు రాగానే మన పడుచువారు అరకులోయకు ప్రయాణమగుచున్నారు. మంచిదే, కొండల నడుమనున్న ఆ లోయ మిగుల రమ్యమైనది. అయితే మన ముంగిటనే కొండలు లేని లోయ యొకటి కలదు. దానిని మీరెన్నడైనను తేరిపార చూచితిరా?

తాడేపల్లిగూడెమునుండి ఏలూరు మీదుగా కైకలూరునకు పొండు. గోదావరి యొకవైపున, కృష్ణ యొకవైపున ఒండ్రుమట్టితో నేలను మెరకచేయగా, నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. తమ్మిలేరు, బుడమేరు మొదలగు ఏరులు తెచ్చు నీటిని అది చేర్చుకొని, ఉప్పుటేరు గుండ సముద్రమునకు పంపును. దాని యందమంతయు ఆ పల్లమునందే యున్నది.

చలికాలపు ఉదయమున ఆటపాకలో నిలిచి చూడుడి. అటవీశాఖవారు నీటిలో నిలిపిన యినుప మంచెలమీద గూడబాతులు గూళ్లు కట్టుకొనును. పిల్లలు తల్లి గొంతు సంచిలో తల దూర్చి చేపలు తినును. ఎఱ్ఱకాళ్ల కొంగలును వాటి పొరుగుననే కాపురముండును.

ఏలూరులోను ఆగుడి. తంగెళ్లమూడిలో ముసల్మాను పనివారు ఉన్నితో, ముడివెంట ముడి వేసి, తివాచీలు నేయుచు వచ్చిరి. ఆ విద్య పారసీక దేశమునుండి వచ్చినదని చెప్పుదురు. పల్లము నీటిని చేర్చుకొన్నట్లే, ఈ సీమ దూరపు మనుష్యులను చేర్చుకొన్నది.

మరి చేర్చుకొను చోటు పూడిపోయినయెడల ఏమగును? 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరెను. అయినను చేపల చెరువుల గట్లు నీటిదారిని మూసివేసినవి. 2006లో ప్రభుత్వము అనేకమైన గట్లను కొట్టించెను. ఆ చెరువులమీద బ్రదికిన కుటుంబములు కూలికై ఊళ్లు విడుచుట నేనెరుగుదును. కనుక గట్టు వేసిన పేదవానిని నిందింప నాకు నోరు రాదు. కాని 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచెను. ఆ నీరును దిగువనున్న కొల్లేటికే రావలెను గదా! దారి లేనియెడల అది లంకవారి యిండ్లలో నిలుచును.

కాబట్టి ఈ చలికాలమున మీ పిల్లలను అరకుకంటె ముందు కొల్లేటికి తీసికొనిపొండు. ఏ నీరు ఎక్కడనుండి వచ్చి ఎక్కడికి పోవుచున్నదో వారికి చూపుడి. మీ యూరి మురుగుకాలువలో చెత్త వేయకుడి. క్రొత్తగా గట్టు వేయు మాట మీ యూరిలో వచ్చినప్పుడు, దిగువనున్న లంకలో ఎవరి గడపకు నీరు ఎక్కునో ముందుగా అడుగుడి. దేవుడు మన వాకిట నుంచిన యీ పల్లమును పూడ్చక, మన బిడ్డలకు అప్పగింతము.