ధర పుట్టే రేవు

సరుకు పుట్టిన చోటనే దాని ధర కూడా పుడుతుందని లోకం తలపోస్తుంది. ధాన్యం పొలంలో, ఖనిజం గనిలో, చమురు బావిలో లభిస్తాయి కనుక వాటి వెలను నిర్ణయించేది ఆ నేలయే అనిపించడం సహజం. కాని వాణిజ్య ప్రపంచంలో సరుకు జన్మస్థానం వేరు, ధర జన్మస్థానం వేరు. ఈ సత్యానికి నెదర్లాండ్స్ దేశంలోని రోటర్‌డామ్ రేవు చక్కని నిదర్శనం.

1270 ప్రాంతంలో రోటె అనే చిన్న నదికి ఆనకట్ట కట్టిన చోట వెలసిన పల్లె క్రమంగా మహానగరమైంది. 1602లో ఏర్పడిన డచ్చి తూర్పు ఇండియా కంపెనీకి గల ఆరు శాఖలలో రోటర్‌డామ్ శాఖ ఒకటి. ఆ కంపెనీయే 1605లో మచిలీపట్నం చేరి, తెలుగు నేతగాండ్ర వస్త్రాలను తూర్పు దీవులకు కొనిపోయి, అక్కడి సుగంధ ద్రవ్యాలకు మారకంగా ఇచ్చింది. ఆ దీవులలో తన వస్త్రానికి పలికిన వెల మగ్గం ముందున్న నేతగాడికి తెలిసే అవకాశం అరుదు.

1872లో సముద్రం వరకు తవ్విన నూతన జలమార్గం రోటర్‌డామ్‌కు పెద్ద ఓడలను రప్పించింది. ఓడలు దించిన ఇనుప ఖనిజం, ధాన్యం రైన్ నది మీదుగా పడవలలో జర్మనీకి తరలిపోయేవి. 1940 మే 14న జర్మన్ విమానాల బాంబుదాడిలో నగర మధ్యభాగం నేలమట్టమైంది. అయినా నగరం మళ్ళీ లేచి నిలిచింది. 1962 నుండి 2004 వరకు దాని రేవు ప్రపంచంలోకెల్లా పెద్దదిగా విరాజిల్లింది. 2024లోనూ 43 కోట్ల టన్నులకు పైగా సరుకు దాని గుండా సాగింది.

రోటర్‌డామ్ ప్రాధాన్యం సరుకు రాశిలో మాత్రమే లేదు. చమురు శుద్ధి కర్మాగారాలు, నిల్వ ట్యాంకులు, నదీమార్గం ఒకచోట కుదరడంతో, దీర్ఘకాల ఒప్పందాలకు వెలుపల అప్పటికప్పుడు అమ్ముడుపోయే చమురుకు అది కేంద్రమైంది. ఈ ‘రోటర్‌డామ్ మార్కెట్’కు భవనం లేదు, అంగడి లేదు. వేర్వేరు నగరాల వర్తకులు టెలిఫోను, టెలెక్సుల ద్వారా కుదుర్చుకున్న బేరాలే ఆ మార్కెట్. 1979లో ఇరాన్ విప్లవం వల్ల కొరత భయం వ్యాపించగా, అక్కడి ధర ఏడాదిలోనే రెట్టింపును మించిపోయింది. ప్రపంచ చమురు వ్యాపారంలో ఆ బేరాలది స్వల్ప భాగమే. అయినా ఉత్పత్తి దేశాలు ఆ ధరను చూపి తమ ఒప్పందాల ధరలను పెంచాయి. కొద్ది ఓడల బేరం కోట్లాది కుటుంబాల ఖర్చును శాసించింది.

నేటికీ ఐరోపాలో డీజిలుకు, బొగ్గుకు ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్, ఆంట్‌వెర్ప్ రేవుల ధరే కొలబద్ద. ఆ ధరలు నిత్యం వెల్లడవుతున్నాయి. నాటి నేతగాడికి అందని జ్ఞానం నేడు దూరదేశపు కొనుగోలుదారుకు సైతం అందుతున్నది. ఇది మేలే. కాని ధరలో సరుకు విలువతో పాటు వర్తకుల ఆశ, భయం కూడా కలిసి ఉంటాయి. కొలబద్ద వంకరైతే కొలిచినదంతా వంకరే అవుతుంది. అందుచేత ధర ఎంత అని అడగడంతో ఆగక, అది ఎక్కడ, ఎవరి బేరంలో పుట్టిందో విచారించడం వివేకవంతుల లక్షణం.