ఎగువ ఇసుక, దిగువ గట్టు

రామగిరి ఖిల్లా చుట్టూ ఉన్న ఊళ్లలో గుట్టలు రెండు రకాలు. పుట్టుకతో ఉన్నవి కొన్ని, ఓపెన్‌కాస్టులు వచ్చాక సింగరేణి బొగ్గు కంపెనీ పోసినవి కొన్ని. సెంటినరీ కాలనీ దాటి ఉత్తరానికి పోతే సుందిళ్ల దగ్గర గోదావరి తగులుతుంది. అక్కడి నుంచి సముద్రం, నది దారిలో, నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. తుపాను, ఉప్పెన, మడ అడవి లాంటి మాటలు ఈ బొగ్గుబాయి ఊళ్లలో టీవీలో తప్ప వినపడవు. అయినా కోనసీమ లంకలకూ కాకినాడ తీరానికీ వచ్చే ఆపదలో పెద్ద వాటా ఈ ఎగువనే తయారవుతోందని నా వాదన. నది వెంట దిగుతూ చెబుతాను.

ముందు బాయిలోకి. బొగ్గు తీశాక మిగిలిన ఖాళీని అలాగే వదిలేస్తే కప్పు కూలుతుంది, పైన నేల కుంగుతుంది, వదిలేసిన బొగ్గు అంటుకోనూవచ్చు. అందుకని ఇసుకను నీళ్లలో కలిపి గొట్టాల గుండా లోపలికి వదులుతారు. నీళ్లు వడిసిపోతాయి, ఇసుక గట్టిపడి కప్పును మోస్తుంది. గోదావరిఖని గనుల్లోకి దశాబ్దాల పాటు అలా పోయింది గోదారి ఇసుకే. లోపల షిఫ్టు చేసే మనిషి ప్రాణం కాచిన ఇసుక అది, దాన్ని తప్పుపట్టే మనసు నాకు రాదు. ఇప్పుడు ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు మీద నుంచి తవ్విపోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టినే జల్లించి, కడిగి, ఇసుకకు బదులు గనుల్లో నింపే పద్ధతినీ సింగరేణి చేపట్టింది. నది మీద భారం తగ్గించే పని ఇది. రావలసినంత పేరు రాలేదు. నది ఒడ్డున బారులు తీరే ఇసుక లారీలకు మాత్రం ఏ బాయి కప్పూ మోసే బాధ్యత లేదు.

లారీల కన్నా పెద్ద లెక్క ఆనకట్టలది. శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీల నీటికి కట్టారు. పూడిక చేరి అది 1990ల నాటికే 90కి పడిపోయింది. మన వైపు దాన్ని ఆయకట్టు నష్టంగానే చూస్తాం, అది నిజమే. కానీ జలాశయం అడుగున పడున్న ఆ ఒండ్రు గాలికి వచ్చింది కాదు, సముద్రానికి బయల్దేరి మధ్యలో ఆగిపోయింది. దాని దిగువన ఎల్లంపల్లి, ఆ తర్వాత సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ బరాజ్‌లు. మేడిగడ్డలో 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాక ఆ బరాజ్‌ల మీద జరిగిన చర్చంతా నీళ్ల గురించీ డబ్బుల గురించీ. ఇసుక మాట ఎత్తినవాళ్లు తక్కువ.

నీటి కబురు విషయంలో మాత్రం మనం చాలా నేర్చుకున్నాం. 2022 జులై వరదే తీసుకోండి. కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగలిగినదాన్ని మించి వరద వచ్చింది. మంథని వీధుల్లోకి గోదారి వచ్చింది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలోని కన్నేపల్లి, అన్నారం పంప్‌హౌస్‌లు మునిగాయి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, ఇంకా దిగువన ఇంద్రావతి కలిశాక అది వేరే నది. జులై 16న భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంటే మూడో హెచ్చరిక మీద ఇంకో పద్దెనిమిది అడుగుల నీరు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటిది మళ్లీ రాలేదు. రాముడి గుడి మెట్ల దగ్గరి ఆ అంకెను నది పొడవునా జనం పరీక్ష ఫలితం చూసినట్టు చూస్తారు. భద్రాచలంలో ఎన్ని అడుగులో తెలిస్తే కోనసీమ లంకల్లో దాదాపు ఒక రోజు ముందే మూటాముల్లె సర్దుకోవచ్చు. ఆ ఒక్క రోజు విలువ తెలిసినవాళ్లు లంకవాసులే.

కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. పెద్ద వరదలో గోదారి శబరిని వెనక్కి తోస్తుంది, చింతూరు వైపు ఊళ్లు అందుకే మునుగుతాయి. పాపికొండల ఇరుకు దాటి పోలవరం దగ్గర నది ఒక్కసారిగా విప్పుకుంటుంది. అక్కడి ప్రాజెక్టు కథ వేరే వ్యాసం అడుగుతుంది.

ధవళేశ్వరంలో బ్రిటిష్ ఇంజినీరు కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా నిలబెట్టాడు. ఇప్పుడున్న బరాజ్ ఆ తర్వాతది. ఇక్కడ హెచ్చరికల అంకెలు 11.75, 13.75, 17.75 అడుగులు. 1986లో ఇక్కడి నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా పోయింది, 2022లో 25 లక్షలు దాటింది. దిగువన నది గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా విడిపోతుంది. ఆ పాయల మధ్యా, పాయలకూ గట్లకూ మధ్యా ఉన్నవి లంకలు. మూడు వైపులో నాలుగు వైపులో నీరున్న, నది తానే పోసిన చిన్న చిన్న దీవులవి.

వరద వస్తోందంటే యలమంచిలి మండలంలో ముందు తెగేది కనకాయలంక కాజ్‌వే. పి.గన్నవరం దగ్గర బూరుగులంక రేవులో వేసవిలో మట్టితో వేసుకున్న తాత్కాలిక దారి మొదటి ఎర్రనీటికే కొట్టుకుపోతుంది. ఆపైన పడవే దిక్కు. ఇక వరుసగా జరిగేది అందరికీ కంఠతా వచ్చు. నెలలు నిండిన గర్భిణులను ముందే ఒడ్డుకు చేరుస్తారు. గొడ్లను తోలుకొచ్చి ఏటిగట్టు మీద కడతారు, పక్కనే టార్పాలిన్. బియ్యం బస్తా, గ్యాస్ బండ అటక ఎక్కుతాయి. ఇంటికొక మగమనిషి డాబా మీద కాపలా ఉంటాడు. బయటివాళ్లకు ఇది మొండితనంగా కనిపిస్తుంది. ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి పోయినవాడి గొడ్డూ గోదా ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేని తరలింపు పథకం కాగితం మీదే ఉంటుంది.

ఊళ్లను కాచే ఏటిగట్టు మీద కూడా పూర్తిగా భరోసా లేదు. 2006 ఆగస్టులో శానపల్లిలంక దగ్గర గండి పడి, గట్టు అవతల క్షేమం అనుకున్న ఊళ్లలోకి ఏరు వచ్చింది. వరద లేని రోజుల్లో ఇంకో నష్టం జరుగుతుంటుంది, దానికి హెచ్చరిక నంబరు లేదు. నదీకోత. ఒడ్డున కొబ్బరిచెట్టు వేళ్లు బయటపడతాయి, చెట్టు ఏటివైపు వాలుతుంది, ఓ రాత్రి దబ్బున పడుతుంది. తెల్లారి సర్వే నంబరులో కొన్ని సెంట్లు నీళ్లలో ఉంటాయి. పాస్‌బుక్కులో అలాగే ఉంటాయి. పాయ పక్కకు జరిగితే లంక తెగడం, ఇంకోచోట మేట వేయడం మామూలే. మేటకు ఒండ్రు కావాలి. పైనుంచి అది తగ్గిందంటే తెగేది మిగులుతుంది, పెరిగేది ఉండదు.

గౌతమి చివర యానాం దాటితే కోరంగి. ఈ రేవు పేరు మీదే బర్మా వెళ్లిన తెలుగువాళ్లను రంగూన్‌లో కోరంగీలనేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఈ ఊరిని తుడిచిపెట్టింది, రేవు మళ్లీ లేవలేదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో అందులో ఉన్నారు. కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. ఆ తర్వాత తుపాను షెల్టర్లు, రోడ్లు, సమాచార వ్యవస్థ మరింత గట్టిపడ్డాయి.

కోరంగి మడ అడవిలో జరిగిన ఒక పని మాత్రం దగ్గరగా చూడదగ్గది. పాత రోజుల్లో మడను మొత్తంగా నరికినచోట నేల ఎండి కుంగి పళ్లెంలా అయింది. పోటుకు వచ్చిన నీరు పాటుకు తిరిగిపోలేక నిలిచి ఆవిరయి, ఉప్పు పేరుకుంది. అంత ఉప్పుకు మడ కూడా బతకదు. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ, మత్స్యకార గ్రామాలు కలిసి అక్కడ చేప వెన్నెముకలా కాలువలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు, వాటి వాలు మీద మొక్కలు. పోటు లోపలికి వచ్చి పాటుతో బయటికి పోవడం మొదలయ్యాక ఉప్పు దిగింది, మడ లేచింది. కాంక్రీటు అక్కర్లేని రక్షణ గోడ అది. దాని ముందు కాకినాడకు అడ్డంగా హోప్ ఐలాండ్, పదహారు కిలోమీటర్ల ఇసుక దిబ్బ. గత రెండు శతాబ్దాల్లో గోదారి ఇసుకే అలలతో కలిసి దాన్ని పోసింది. పెద్ద అల ముందు దాన్ని కొట్టి, తర్వాతే నగరం వైపు రావాలి.

మరి ఆ ఇసుక ఇంకా వస్తోందా? 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును దిగువకు మోసేది. 1990లకు అది 6 కోట్ల లోపుకు దిగింది. 1976 నుంచి 2001 వరకు ఉపగ్రహ చిత్రాలు చూసిన ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు, డెల్టా అంచున చేరినది తీసేసి 1,800 హెక్టార్లకు పైగా నేల సముద్రంలో కలిసిందని లెక్క తేల్చారు. వాన తగ్గడం కన్నా ఆనకట్టలే దీనికి ప్రధాన కారణమని వాళ్ల నిర్ధారణ. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో కోతకు ఇంకా కారణాలున్నాయి. అక్కడ ఇసుక నింపిన భారీ జియోట్యూబులు, రాళ్లు వేశారు. ప్రతి తుపానుకూ బీచ్‌రోడ్డు మళ్లీ తెగుతూనే ఉంది.

తీర నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి, 2011లోనూ 2019లోనూ మార్చారు. పోటు రేఖ నుంచి ఎన్ని మీటర్ల లోపల ఏం కట్టకూడదో అవి చెబుతాయి. ఆ రేఖను నిలబెట్టే ఒండ్రు ఎక్కడి నుంచి వస్తుందో, దారిలో ఎవరు ఆపుతున్నారో వాటి పరిధిలోకి రాదు. తెలంగాణలో ఇసుక ఆదాయపు పద్దు, ఆంధ్రలో కోతనష్టం పద్దు, రెండూ వేర్వేరు రాష్ట్రాల ఖాతాలు. కేంద్ర జలసంఘం పోలవరం లాంటిచోట్ల ఒండ్రును కొలుస్తుంది కాబట్టి లెక్క లేదనీ అనలేం. వరద రోజుల్లో క్యూసెక్కులు గంటగంటకూ చెప్పే అధికారులు, ఏడాదికొకసారైనా ఏ ఆనకట్ట దగ్గర ఎంత ఒండ్రు ఆగిందో, సముద్రం దాకా ఎంత చేరిందో తెలుగులో అచ్చువేసి లంక పంచాయతీల గోడల మీద అంటించాలి. కొత్త బరాజ్‌కు అనుమతి ఇచ్చేముందు ఆ అంకె అడగాలి.