ఔరాద్ నుంచి భీమిలిదాకా

మా ఔరాద్ లో ఎవరినైనా ఆపి "సముద్రం ఎటు?" అని అడిగితే ముందు మీ ముఖంలోకి, తర్వాత ఆకాశంలోకి చూస్తారు. కర్ణాటక నెత్తిమీద కూర్చున్న తాలూకా మాది. ఒక పక్క మహారాష్ట్ర, ఇంకో పక్క తెలంగాణ. నల్లరేగడి, కందిచేలు, అమరేశ్వరుడి గుడి, దేవణి ఎడ్లు - ఇవీ మాకున్న సంపదలు. నీళ్ళంటే మాకు మంజీర. అదికూడా వానాకాలంలోనే నది అనిపించుకుంటుంది. అటువంటి ఊళ్ళో మా చిన్నవాడికి సంబంధం కుదిరింది. కుదిరిన వారానికే వాడొచ్చి, "అమ్మా, పెళ్ళయ్యాక నాలుగురోజులు సముద్రం దగ్గర ఉండొస్తం. గద్దరగోళం లేని ఊరు ఏదన్న చెప్పు" అన్నాడు.

నన్నెందుకు అడిగాడంటే, మా ఇంట్లో రెండు సముద్రాలూ చూసినదాన్ని నేనొక్కదాన్నే. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. పిల్లల్ని వెంటబెట్టుకుని కార్వార్, గోకర్ణం, మురుడేశ్వర్ తిరిగాను. మా అక్క కాపురం విశాఖపట్నంలో. సెలవులకు అక్కడికి వెళ్ళినప్పుడల్లా తూర్పు సముద్రం చూశాను. అంతేగాని హనీమూన్ అన్న మాట మీద నాకేమీ అనుభవం లేదు. 1979లో మా పెళ్ళయినప్పుడు మేమూ ప్రయాణం చేశాం లెండి, తిరుపతికి! మేమిద్దరం, మాతోపాటు మరి పదకొండుమంది. సత్రంలో ఆడవాళ్ళకొక గది, మగవాళ్ళకొక గది. ఆయనా నేనూ మాట్లాడుకున్నది క్యూలోనే.

సరే, 2025 మాఘంలో ముహూర్తం పెట్టారు. ఇక్కడొక సంగతి చెప్పాలి. మనం ముహూర్తం పంతులుగారిని అడిగి పెట్టుకుంటాం, సముద్రాన్ని అడగం. జ్యేష్ఠంలోనో శ్రావణంలోనో పెళ్ళయితే పడమటి ఒడ్డుకు, అంటే గోవా, గోకర్ణం వైపు పోకూడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు అక్కడ కుండపోతగా పడతాయి. సముద్రం గోడలా లేచి వస్తుంది. కార్తీక మార్గశిరాల్లో పెళ్ళయితే తూర్పు ఒడ్డున తుఫానుల భయం. వైశాఖంలో ఎటు వెళ్ళినా ఉక్క. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటకు సెలవు. చేపలు తినడానికని పోయేవాళ్ళకు నిరాశే. మాఘ ఫాల్గుణాలు మాత్రం రెండు ఒడ్డులకూ మంచివి. ఆ విధంగా మావాడి అదృష్టం బాగుంది.

అదృష్టం బాగోనిది సెలవుల విషయంలో. వాడు బీదర్ లో ఒక ప్రైవేటు ఉద్యోగి. పెళ్ళికి తీసుకున్నది పోగా మిగిలింది ఆరు రోజులు. దానికితోడు మా అత్తగారు, పదహారు రోజుల పండుగ కాకుండా కొత్తజంట పొలిమేర దాటకూడదని పట్టుబట్టారు. ఆవిడ మాట కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. అందుచేత ప్రయాణం మార్చి మొదటివారానికి జరిగింది. రైలు టిక్కెట్లు ఇదివరకు నాలుగు నెలల ముందు దొరికేవి. 2024 నవంబరు నుంచి అరవై రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు. జనవరి మొదట్లోగా ఊరు తేల్చుకోవాలి.

మావాడి ఓటు గోవాకు పడింది. స్నేహితులంతా అక్కడికే పోయారట. అక్కడ కూడా ఉత్తరాన ఉన్న సందడి దక్షిణాన పాలోలెం, అగోండ వైపు ఉండదని విన్నాను. నా ఓటు కార్వార్ కు. కాళీనది సముద్రంలో కలిసే చోటు, వెనక కొండలు, ముందు దీవులు. రవీంద్రనాథ్ ఠాగూర్ పడుచుతనంలో కొన్నాళ్ళుండి నాటకం రాసుకున్న ఊరు. అక్కడి ఒడ్డుకు ఆయన పేరే పెట్టుకున్నారు. గోకర్ణం నాకు దేవుడి ఊరుగా ఇష్టం. ఓం బీచ్, కుడ్లె బీచ్ అందమైనవే గాని పెట్టెలు మోసుకుంటూ గుట్టలెక్కి దిగే ఓపిక ఉండాలి.

అయితే ఒకటే రాష్ట్రం కదా అని మేం అనుకోవడమే గాని, కార్వార్ మాకు ఆరువందల కిలోమీటర్ల పైన. పోనురాను రెండేసి రోజులు దారికే సరి. ఆరింట నాలుగు పోతే మిగిలేది రెండు. సముద్రం చూడ్డానికా, బస్సులో కునుకు తీయడానికా ఈ ప్రయాణం?

ఈ తర్జనభర్జనలో ఉండగానే డిసెంబరులో ఆ వార్త వచ్చింది. కోలారు జిల్లా నుంచి విహారయాత్రకు వెళ్ళిన బడిపిల్లలు నలుగురు, అందరూ ఆడపిల్లలే, మురుడేశ్వర్ సముద్రంలో మునిగిపోయారు. నేను ఆ ఇసుకలోనే నా పిల్లల్ని వరసగా నిలబెట్టి లెక్కపెట్టినదాన్ని. రెండు రోజులు అన్నం సయించలేదు. కోలారు కూడా మనలాగే సముద్రం లేని జిల్లా. సముద్రం లేని ఊళ్ళవాళ్ళకే సముద్రం మీద మోజెక్కువ, దాని గుణం తెలిసింది తక్కువ.

ఆ వారంలోనే కాబోయే కోడలు ఫోన్ చేసింది. నారాయణఖేడ్ వైపు పిల్ల. నిశ్చితార్థం నాడు కూడా నాతో పది మాటలు మాట్లాడలేదు. "అత్తమ్మా, ఒక మాట చెప్తే తప్పనుకోవద్దు" అని మొదలుపెట్టి చాలాసేపు ఆగింది. "మా చిన్నన్న మంజీరల ఈతకు పోయి మళ్ళ రాలే. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. నీళ్ళంటే నాకు బయ్యం. ఆయనకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. అందరు గోవా గోవా అని ఖుషీగ ఉన్నరు."

నాకు గొంతు పెగల్లేదు. "వద్దంటే వద్దనుకుందాం బిడ్డా. మైసూరో, ఊటీనో పోతారు" అన్నాను. దానికా పిల్ల ఏమందో తెలుసా? "లేదత్తమ్మా, చూడాలనైతే ఉంది. దూరంకెల్లి."

అప్పటిదాకా మేం ఏ బీచ్ బాగుంటుందని వెతికాం. ఆ ఫోన్ తర్వాత ఏ కిటికీ బాగుంటుందని వెతకడం మొదలుపెట్టాం. నీళ్ళలోకి దిగకపోతే ఇంకేమీ తోచని ఊరు పనికిరాదు. పడవలెక్కండి, స్కూటర్లెక్కండి అని చెయ్యిపట్టి లాగేవాళ్ళుండకూడదు. సముద్రం వద్దనిపించిన రోజు వీపు తిప్పి నడిచిపోవడానికి ఒక బజారు, ఒక గుడి, ఒక కొండ ఉండాలి. ఆ పిల్ల విషయం మావాడికి నేనే చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, గోవా పేరు మళ్ళీ ఎత్తలేదు.

ఆ లెక్కన చూస్తే భీమిలి కళ్ళముందు మెదిలింది. అసలు పేరు భీమునిపట్నం. విశాఖకు ఉత్తరంగా పాతిక కిలోమీటర్లు, దారి పొడుగునా కుడిచేతి పక్క సముద్రమే. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వర్తకానికి దిగిన రేవు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఒడ్డు దగ్గరే ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు విశాఖ మహానగరంలో కలిపేశారు. ఒక దీపస్తంభం, వెనక కొండమీద నరసింహస్వామి, పావురాళ్ళకొండ మీద బౌద్ధుల కాలపు శిథిలాలు. పాత పెంకుటిళ్ళు, మధ్యాహ్నం నిద్రపోయే వీధులు. విశాఖ రామకృష్ణా బీచ్ లోలాగా ఊపిరాడని జనం ఉండరు, శని ఆదివారాలు తప్ప. అందుకే వాళ్ళను సోమవారం దిగేటట్టు పంపాను. ఔరాద్ కు రైలు లేదు గనుక బస్సులో బీదర్, అక్కణ్ణుంచి హైదరాబాదు. సాయంత్రం గోదావరి ఎక్స్ ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ.

వెళ్ళేముందు మావాణ్ణి కూర్చోబెట్టి ఒక పాఠం చెప్పాను. పాత అలవాటు పోదు కదా! అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి. అవి ఒకచోట కాలవకట్టినట్టు జోరుగా వెనక్కి లాగుతాయి. ఆ కాలవ ఉన్నచోట అల సరిగా విరగదు. రెండు పక్కలా నురగ ఉంటుంది, మధ్యలో నిమ్మళంగా కనిపిస్తుంది. తెలియనివాళ్ళు నిమ్మళంగా ఉంది కదాని అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదకూడదు, అలసిపోతారు. ఒడ్డువెంట పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. భీమిలిలో గోస్తని నది కలిసే చోటుంది. నదీముఖాల దగ్గర అసలే దిగకూడదు. "నీకు చెరువులో ఈత వచ్చు. సముద్రంలో రాదు. ఆ తేడా గుర్తుంటే చాలు" అన్నాను.

ఇంత చూసి పంపినా ఒకచోట దెబ్బతిన్నాం. ఫోన్లోనే మాట్లాడుకున్న లాడ్జివాడు సముద్రం కనిపించే గది అన్నాడు. తీరా చూస్తే కిటికీ కింద ఫంక్షన్ హాలు. అవి పెళ్ళిరోజులు. మన బ్యాండుమేళం వదిలించుకుని ఎనిమిదివందల కిలోమీటర్ల పైన పోతే అక్కడ ఇంకొకరి బ్యాండుమేళం! పైగా కోడలి ఆధార్ కార్డులో ఇంకా పుట్టింటి పేరే ఉందని గుమాస్తా సవాలక్ష ప్రశ్నలేశాడట. శుభలేఖ వెంట ఉంచుకోమని నేను చెప్పబట్టి సరిపోయింది. మర్నాడు మా అక్క పూనుకుని, తెలిసినవాళ్ళ మేడమీద వాటా ఇప్పించింది. ఒడ్డుకు పది నిమిషాల నడక. కిటికీలోంచి రెండు కొబ్బరిచెట్ల నడుమ జానెడు సముద్రం. జానెడే కావలసింది మాకు! మీ ఇళ్ళల్లో పిల్లల్ని పంపేటప్పుడు గది అద్దె ఒక్కటే అడక్కండి. చుట్టుపక్కల హాలుందా, ఆ వారంలో పెళ్ళిళ్ళున్నాయా అని కూడా అడగండి.

మొదటిరోజు ఆ పిల్ల కిటికీ వదల్లేదట. మావాడు కూడా బయటికి పోలేదు. రెండోరోజు కొండెక్కి స్వామిని చూసి, పైనుంచి సముద్రం చూశారు. మూడోరోజు విశాఖ వైపు బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బలు చూసొచ్చారు. "అచ్చం మన బీదర్ కోట రంగే అత్తమ్మా" అని చెప్పింది. నాలుగోరోజు పొద్దున్నే ఫోన్ మోగింది. వెనక అలల చప్పుడు పెద్దగా వినబడుతోంది.

"ఇక్కడ పెద్ద వల లాగుతున్నరత్తమ్మా. తాడు ఇటు ఇరవైమంది, అటు ఇరవైమంది పట్టుకున్నరు. ఒక పెద్దమ్మ నన్ను గూడ పట్టమన్నది. పట్టిన."

"ఎక్కడ నిలబడ్డావు బిడ్డా?"

"ఒడ్డుమీదనే. పొడి ఇసుకల."

వెనకనుంచి మావాడి గొంతు వినిపించింది - "అబద్ధం అమ్మా, చీర కుచ్చెళ్ళు తడిసినయ్!"

"జరంత" అంది కోడలు.