"ఏటవుతావు?" అంటే చెప్పడానికి మనం చూసినవి ఎన్ని?



ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి మా రూంలో నలుగురి ఫోన్లకీ ఒకటే రకం మెసేజ్‌లు. "అన్నా, డిగ్రీలో ఏ మేజర్ పెట్టమంటావు?" "బోటనీ తీసుకుంటే ఏటొస్తాది?" "నాకేదీ తేలట్లేదు, ఒక ఏడాది ఆగిపోనా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ ఒక్కచోట రాద్దామని కూర్చున్నాం.

మేము మన్యంలో ఒక డిగ్రీ కాలేజీ హాస్టల్లో ఉంటున్న ఫైనలియర్ వాళ్ళం. నలుగురివీ నాలుగు ఊళ్ళు, నాలుగు మేజర్లు: బోటనీ, హిస్టరీ, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే దీన్ని పెద్దల సలహా అనుకోవద్దు. అదే కొండదారిలో మీకన్నా మూడేళ్ళు ముందు నడిచిన వాళ్ళ మాట అనుకోండి, చాలు.

ముందుగా ఒక మాట. ఏదీ తేలకపోవడం తప్పు కాదు. తెలివి లేకపోవడం అంతకన్నా కాదు.

చిన్నప్పుడు సంతకెళ్తే చుట్టాలు అడిగేవారు, "ఏటవుతావురా?" అని. మేము నలుగురం నాలుగు ఊళ్ళల్లో పెరిగినా చెప్పిన జవాబు ఒకటే: టీచర్. కొంచెం పెద్దయ్యాక ఇంకో మూడు కలిశాయి: పోలీసు, నర్సు, సచివాలయం ఉద్యోగం. మొన్న రాత్రి రూంలో కూర్చుని లెక్కేశాం. పదో తరగతి అయ్యేసరికి మేము కళ్ళారా చూసిన ఉద్యోగాలు ఒక్క చేతి వేళ్ళు దాటలేదు. పట్నం పిల్లాడికి ఒక మావయ్య బ్యాంకులో ఉంటాడు, ఒక పిన్ని లాయరు, పక్కింటాయన ఆడిటరు. ఆ పిల్లాడు ఏ పుస్తకమూ తెరవకుండానే పది దారులు చూసేస్తాడు. మనం చూసింది బడిలో మాస్టారిని, సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంని, చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్‌ని. చూడనిదాన్ని ఎలా కోరుకుంటాం? కాబట్టి "నాకు ఇంట్రెస్ట్ ఏదో నాకే తెలీట్లేదు" అని ఎవరైనా అంటే, వాళ్ళకి ఇంట్రెస్ట్ లేదని కాదు. చూసింది తక్కువ, అంతే.

టీచర్ సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఇప్పటికీ అదే మొదటి మాట. మన పెద్దలు ఆ దారిని అంతగా నమ్మడానికి కారణం ఉంది. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. మన అన్నలు, అక్కలు ఎంతోమంది ఆ జీవోతోనే ఉద్యోగంలోకి వెళ్ళారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ జోలికి పోలేదు గానీ, మన తరానికి ఆ తలుపు అలా లేదు. దానికోసం పోరాటం వేరే ఉంది, అందులో మనమందరం ఉన్నాం. కానీ డిగ్రీ ఎంచుకునేటప్పుడు మాత్రం "మన ఏరియా కదా, మనకే వస్తాది" అనే పాత లెక్క వేసుకోవద్దు.

నిజంగా టీచర్ అవ్వాలనే ఉంటే అవ్వండి, చాలా మంచి పని. కానీ ఏ టీచరో ముందే తేల్చుకోండి. చిన్నపిల్లలకి చెప్పే ఎస్జీటీ పోస్టుకి డీఎడ్ ఉండాలి. బీఎడ్ చేసినవాళ్ళు ప్రైమరీ పోస్టులకి పనికిరారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. డీఎడ్‌కి డిగ్రీ అక్కర్లేదు, ఇంటర్ తర్వాత డీసెట్ రాసి రెండేళ్ళు చదివితే సరిపోతుంది. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ అవ్వాలంటే ఆ సబ్జెక్టులో డిగ్రీ, దాని మీద బీఎడ్. అంటే "టీచర్ అవుతాను" అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు దారులున్నాయి. ఈ తేడా ఇంటర్‌లో మాకు చెప్పినవాళ్ళు లేరు.

ఇక మేజర్ విషయం. మేము చేరిన 2023-24లోనే మన రాష్ట్రంలో డిగ్రీ తీరు మారింది. అంతకుముందు బీజడ్‌సీ, ఎంపీసీ, హెచ్‌ఈపీ అని మూడు సబ్జెక్టులు కలిపి చదివేవారు. మాకు ఒకటే మేజర్, రెండో సెమిస్టర్ నుంచి ఒక మైనర్. మూడేళ్ళకి డిగ్రీ, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి మీ ఏడాది నోటిఫికేషన్ మీరే చదవండి. నెట్ సెంటర్ అబ్బాయిని నమ్ముకుని ఆప్షన్లు వదిలేయొద్దు. లైన్లో నలభైమంది ఉంటారు, వాడికి తొందర. "ఏదోటి పెట్టేయనా తమ్ముడూ?" అంటాడు. ఆ ఏదోటితో మూడేళ్ళు కాపురం చేసేది మీరు.

ఏదీ తేలనప్పుడు మాకు పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది. "నాకేది ఇష్టం?" అని కాదు. "ఏ తలుపు ముందు మూసుకుంటుంది?" అని.

కొన్ని తలుపులు ఇంటర్ గ్రూపు దగ్గరే మూసుకుంటాయి. బీఎస్సీ నర్సింగ్, బీఎస్సీ అగ్రికల్చర్ లాంటివి బైపీసీ వాళ్ళకే. ఇంజనీరింగ్ ఎంపీసీ వాళ్ళకి. వీటిలో ఏదైనా మనసులో ఉంటే ఎంట్రన్సులకి తేదీలుంటాయి, అవి దాటితే ఆ ఏడాదికి అంతే.

కొన్ని మేజర్ దగ్గర మూసుకుంటాయి. ఎమ్మెస్సీ బోటనీ చదవాలంటే హిస్టరీ డిగ్రీతో కుదరదు. సివిల్స్‌లో ఐఏఎస్‌కి ఏ డిగ్రీ అయినా సరే, కానీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి బోటనీ, జువాలజీ, మ్యాథ్స్, ఫిజిక్స్ లాంటి సైన్స్ సబ్జెక్టో, అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ లాంటి డిగ్రీయో ఉండాలి. అడవిలో పుట్టిన మనం అడవి సర్వీస్ రాయాలంటే ఈ సంగతి పద్దెనిమిదేళ్ళకే తెలిసుండాలి.

ఇంకొన్ని తలుపులు మేజర్‌తో సంబంధం లేకుండా తెరిచే ఉంటాయి. గ్రూప్-2, బ్యాంకు పరీక్షలు, డిగ్రీ తర్వాత మూడేళ్ళ లా కోర్సు, వీటికి ఏ డిగ్రీ అయినా చాలు. మాలో హిస్టరీ వాడిని మొదటి ఏడాదంతా ఊళ్ళో ఆటపట్టించారు, "రాజుల కథలు చదివి ఏటి సేస్తావురా?" అని. ఇప్పుడు గ్రూప్స్ సిలబస్ తెరిస్తే సగం వాడికి తెలిసినదే. పైగా 1/70 చట్టం, అటవీ హక్కుల చట్టం, సమత తీర్పు మీద వాడు మాట్లాడుతుంటే రూంలో మేము నోరు తెరుచుకుని వింటాం. మూడేళ్ళ లా చదువుతానంటున్నాడు. మన ఊళ్ళల్లో పట్టా కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ముసలివాళ్ళని చూశాక, మనవాళ్ళలోంచి లాయర్లు ఎంత అవసరమో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇష్టం తెలియాలంటే చేసి చూడాలి. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది, తర్వాత ఇంటర్న్‌షిప్. చాలామంది పాత రికార్డు కాపీ కొట్టి సంతకం పెట్టించేసుకుంటారు. దయచేసి అలా చెయ్యకండి. పట్నం పిల్లలకి మావయ్యల వల్ల దొరికేది మనకి ఇందులో దొరుకుతుంది. మా బోటనీ వాడు ఒక కాఫీ నర్సరీలో పనిచేశాడు. ఇంట్లో కాఫీ తోట ఉంది, చిన్నప్పటి నుంచి పళ్ళు కోస్తూనే ఉన్నాడు. అయినా గింజని గ్రేడ్ చేసే పని ఒకటుందని, రుచి చూసి ధర చెప్పడం కూడా ఉద్యోగమేనని అప్పుడే తెలిసింది. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఆర్.వి.నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. 1956 నుంచి జీసీసీ మన సరుకు కొంటోంది. ఇంతమంది మన పంట మీద ఉద్యోగాలు చేస్తుంటే, ఆ కుర్చీల్లో మనం ఎందుకుండకూడదని వాడికి అనిపించింది. ఇప్పుడు ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి చదువుతున్నాడు.

కంప్యూటర్ సైన్స్ వాడికి ఇంకా తేలలేదు. కోడింగ్ బానే వస్తుంది, కానీ బెంగళూరు వెళ్ళాలంటే మనసొప్పట్లేదు. వాడిని మేము తొందరపెట్టట్లేదు. ఈలోగా ఊళ్ళో వాళ్ళకి స్కాలర్‌షిప్ దరఖాస్తులు పెట్టిస్తున్నాడు. అదీ పనే.

ఇక ఇంటి సంగతి. అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే.

మన అమ్మానాన్నలు చాలామంది "నీ ఇష్టం బాబూ" అంటారు. వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది గానీ, ఆ మాట బరువు మోసినవాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళు చూడని లోకం గురించి వాళ్ళేం చెప్తారు? నమ్మకం మాత్రం మొత్తం మన చేతిలో పెట్టేస్తారు. చోళ్ళు, పసుపు, మిరియాలు అమ్మిన డబ్బులోంచి బస్సు ఛార్జీకి ఇస్తూ కూడా ఏ సబ్జెక్టని అడగరు.

మాలో ఒకడి ఇంట్లో ఈ ఏడాది నాన్నకి ఒంట్లో బాగోలేదు. వాడికి ఎంఏ ఎకనామిక్స్ చదవాలని ఉంది, ఎంట్రన్స్ రాస్తే సీటు వస్తుందని లెక్చరర్లు కూడా అంటున్నారు. అదే ఏడాది చెల్లి బైపీసీ పాసయ్యింది, నర్సింగ్ అంటోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా చేతిఖర్చులు, యూనిఫాం, పుస్తకాలు, రాకపోకలు ఉంటాయి. ఇద్దరినీ ఒకేసారి మోసే శక్తి ఆ ఇంటికి లేదు. ఊళ్ళో పెద్దలు కొందరు "అబ్బాయిని చదివించండి, ఆడపిల్లకెందుకు" అన్నారు. రూంలో మేము మూడు రాత్రులు దీని గురించే మాట్లాడుకున్నాం. చివరికి వాడు వేసుకున్న ప్రశ్న అదే, ఏ తలుపు ముందు మూసుకుంటుంది? చెల్లి ఈ ఏడు ఆగితే మళ్ళీ చదువులోకి వస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు, పెళ్ళి మాటలు అప్పుడే మొదలయ్యాయి. ఎంఏ ఎంట్రన్స్ రెండేళ్ళ తర్వాతైనా రాయొచ్చు. మూడేళ్ళ డిగ్రీతో ఆగి, పనిలో చేరి, బ్యాంకు పరీక్షలకి చదువుతానన్నాడు. చెల్లి నర్సింగ్‌కి వెళ్తోంది.

ఇది త్యాగం, గొప్ప అని రాయట్లేదు. వాడికి బాధగానే ఉంది. ఎకనామిక్స్ పుస్తకాలు మాత్రం ఇంటికి పంపకుండా తన పెట్టెలోనే ఉంచుకున్నాడు. మీలో చాలామంది ఇలాంటి లెక్కల మధ్యే మేజర్ ఎంచుకుంటున్నారని మాకు తెలుసు. ఇష్టం ఒక్కటే చూసుకోమని చెప్పేవాళ్ళకి మన ఇంటి పద్దు తెలీదు. అలాగని ఇష్టాన్ని పాతిపెట్టేయమనీ మేము చెప్పం. ఏది ఇప్పుడే చెయ్యాలి, ఏది దాచుకోవచ్చు అని విడదీసుకోండి.

చేతిలో ఉంచుకోవాల్సినవి కొన్ని. కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్లు అడ్మిషన్ ముందురోజు కాదు, ఇప్పుడే తీసుకోండి. ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈరోజే చూడండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడాకి మా హాస్టల్లో స్కాలర్‌షిప్ ఆగిపోయినవాళ్ళున్నారు. కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి ఇంటి ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. పైచదువులు చాలా దూరమేం కాదు, 2019లో పెట్టిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం జిల్లాలోనే ఉంది. పీహెచ్‌డీ వరకు వెళ్తే ఎస్టీ విద్యార్థుల కోసం ఏటా 750 నేషనల్ ఫెలోషిప్‌లున్నాయి. ఏ కోర్సు అయినా సరే, అది చదివి ఆ పని చేస్తున్నవాళ్ళు ఇద్దరితో మాట్లాడాకే ఆప్షన్ పెట్టండి. ఒకరు కాదు, ఇద్దరు. ఒకరు సంతోషంగా ఉన్నవాళ్ళు, ఒకరు విసిగిపోయినవాళ్ళు అయితే ఇంకా మంచిది.

చివరిగా ఈ గ్రూపులోని అన్నలకి, అక్కలకి ఒక మాట. మీలో ఫార్మసిస్టులున్నారు, రేంజర్లున్నారు, బ్యాంకు వాళ్ళున్నారు, హైదరాబాద్‌లో, విశాఖలో మాకు పేరు కూడా తెలియని పనులు చేస్తున్నవాళ్ళున్నారు. ఒక్క నాలుగు లైన్లు రాయండి: ఏ ఊరి నుంచి వచ్చారు, ఏం చదివారు, రోజూ ఏం పని చేస్తారు, మొదటి జీతం వచ్చేదాకా ఎలా గడిపారు. మోటివేషన్ అక్కర్లేదు, వివరాలు చాలు. మేము పదో తరగతి అయ్యేసరికి చూసిన ఉద్యోగాలు ఒక్క చేతి వేళ్ళు దాటలేదని చెప్పాం కదా. మీరు రాసేది చదివి ఈ ఏడాది ఇంటర్ పాసైన పిల్లలకి రెండు చేతుల వేళ్ళూ చాలకపోవాలి.

జోహార్.