బంటిగాడి చీటీ

మొన్న వంటింటి అరలు సర్దుతుంటే ఆవకాయ జాడీ వెనక మడతపెట్టిన కాగితం ఒకటి దొరికింది. పైన నా చేతిరాతతోనే "బంటిగాడి సంగతులు" అని ఉంది. 2021 మే నెలలో రాసింది.

కుక్కని పెంచేవాళ్లకి మాత్రమే తెలిసిన కరోనా కష్టాలు కొన్ని ఉన్నాయండీ. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ అనగానే అందరూ పప్పులూ ఉప్పులూ లెక్క చూసుకుంటే, నేను బంటిగాడి వంక చూశాను. వాడు చచ్చినా ఇంట్లో పాడుచేయడు. మాది హైదరాబాదులో మూడో అంతస్తు. హాంకాంగ్‌లో ఒక కుక్కకి కరోనా వచ్చిందన్న వార్త అప్పటికే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో పదిసార్లు తిరిగింది. మనుషుల నుంచి కుక్కకి అంటింది గానీ, కుక్కల నుంచి మనుషులకి వస్తున్నట్టు ఆధారం లేదని డాక్టర్లు చెప్పిన ముక్క మాత్రం ఎవరూ పంపలేదు. తెల్లారి నాలుగున్నరకే దొంగల్లా మెట్లు దిగేవాళ్లం. తిరిగొచ్చాక వాడి పాదాలకి శానిటైజర్ కొడుతున్నానని తెలిసి పశువుల డాక్టరుగారు ఫోన్లోనే కేకలేశారు. "నాకుతాడమ్మా! సబ్బునీళ్లతో కడిగి తుడవండి, చాలు."

అదంతా ఒక ఎత్తు, మరుసటేడు మే ఒక ఎత్తు. మన జూలో ఎనిమిది సింహాలకి కరోనా అని పేపర్లో వచ్చిన రోజులవి. ముందు మా ఆయనకి వచ్చింది, రెండ్రోజులకి నాకు. మా అమ్మాయి బెంగళూరులో. ఆయన ఆక్సిజన్ 92 చూపించిన రాత్రి, ఆసుపత్రి అంటే ఇద్దరం వెళ్లాల్సివస్తే వీడెక్కడుంటాడు అన్నదే నా బుర్రలో తిరిగింది. కట్టుకున్న మనిషి పక్కన దగ్గుతుంటే కుక్క గురించా అని నామీద నాకే సిగ్గేసింది. ఇప్పటికీ మా అత్తగారికి ఈ మాట చెప్పలేదు. కుక్కల్ని ఉంచుకునే చోటికి ఫోన్ చేస్తే, పాజిటివ్ ఇంటి కుక్క వద్దన్నారు. చుట్టాల్ని అడగడానికి నోరు రాలేదు.

ఆ రాత్రే కూర్చుని ఈ చీటీ రాశాను. పెరుగన్నం చల్లారాక పెట్టాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి తగలకూడదు. ఎండాకాలం చెవుల వెనక పిడుదులు చూడాలి, జ్వరం అక్కడి నుంచే మొదలు. ఉరుములకి భయం, మంచం కింద దూరితే లాగొద్దు.

పొద్దున వాచ్‌మన్ భార్య పాలప్యాకెట్లు గుమ్మంలో పెట్టి అడిగింది. "కుక్క గురించి ఏడుస్తున్నరా అమ్మా? నేను లేనా? తాడు బయట పెట్టుండ్రి." ఆవిడకి చదవడం రాదు. తలుపుకి ఇవతల నుంచి, దగ్గుల మధ్య, చీటీ అంతా నేనే చదివి వినిపించాను. మంచంమీంచి మా ఆయన, "నా గురించి ఇంత రాయగలవా?" అన్నారు. అప్పటికి నాలుగు రోజులైంది ఆయన గొంతులో వేళాకోళం విని.

ఆసుపత్రి దాకా పోలేదు. పదహారు రోజులు కింద వాళ్ల గదిలోనే ఉన్నాడు. మొదటి రెండ్రోజులు ముద్ద ముట్టలేదట. ఆ మాట ఆవిడ నాకు మా జ్వరాలన్నీ తగ్గాకే చెప్పింది.

ఇప్పుడు వాడికి మూతంతా నెరిసింది. చీటీ మళ్లీ అక్కడే పెట్టేశాను, ఒక్క వాక్యం కొట్టేసి. ఉరుములకి ఇప్పుడు భయపడట్లేదు. చెవులు వినపడట్లేదు వాడికి.